నౌపడ దారిలో ప్లాటు, మోకాలి లోతు నీళ్లు: కొనొచ్చా?

టెక్కలి_టెకీ
నౌపడ నుంచి సంతబొమ్మాళి వెళ్లే దారికి కాస్త లోపలగా ఒక లేఅవుట్ వేశారు. మూలపేట పోర్టు పూర్తయితే రేటు రెట్టింపని చెబుతున్నారు. అక్టోబరులో సెలవుకి వచ్చినప్పుడు చూడ్డానికి వెళ్తే సరిహద్దు రాళ్లే కనబడలేదు, అన్నీ నీళ్లలో ఉన్నాయి. మోకాలి లోతు. వాన వెలిసి అప్పటికే చాలా రోజులైంది. తీసుకెళ్లినాయన "మీటరు ఎత్తు గ్రావెల్ తోలిస్తే అయిపోద్ది సార్" అన్నాడు. మా నాన్న మాత్రం "అది తంపర, దాని జోలికి పోకు" అని ఊరుకున్నారు. ఎందుకని అడిగితే చెప్పరు.

వాన లేకపోయినా ఆ నీళ్లు ఎక్కడివి? మట్టి పోస్తే నిజంగా సరిపోతుందా? బోరు వేస్తే మంచినీళ్లు పడతాయా? కొను, వద్దు అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఎందుకో చెప్పండి.

జీడిపప్పు_పలాస
ప్లాటుతో పాటు నాటు పడవ ఫ్రీగా ఇస్తారేమో అడిగావా?

రియల్_రాజా
నవ్వులాటలు తర్వాత. తమ్ముడూ, విశాఖ పోర్టు ఎక్కడ కట్టారనుకుంటున్నావు? ఉప్పుటేరు బురద తవ్వి కట్టారు. 1933లో మొదటి ఓడ వచ్చేదాకా అక్కడ దోమలు తప్ప ఏమీ లేవనేవారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గజం ఎంతో కనుక్కో. మన జిల్లాకి ఏదైనా వస్తోందంటే చాలు, పల్లం అని ఒకరు, పక్షులు అని ఒకరు. ఇలాగే అంటూ ఉంటే మన పిల్లలు బెంగళూరులోనే ముసలివాళ్లవుతారు. అన్ని కాగితాలు సరిగ్గా ఉంటే కొనుక్కో, మట్టి పోయించుకో, అంతే.

ఉప్పుమడి
"అంతే" అంట. మట్టి ఎక్కడినుంచి తెస్తారు? ఇంకో కొండ తొలిచి కదా.

మదుము_మాస్టారు
నీటిపారుదలలో పనిచేసి రిటైరయ్యాను. నీళ్ల సంగతి చెప్తాను, రేట్ల సంగతి రాజాగారికి వదిలేస్తున్నాను.

జిల్లా నక్షా ముందు పెట్టుకోండి. మందస దగ్గర నిలబడితే ఒకవైపు మహేంద్రగిరి, 1,501 మీటర్లు. వెనక్కి తిరిగితే సముద్రం. మధ్యలో మైదానం ఎంత సన్నమో చూడండి. కొండల మీద పడిన వాన గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, గంటల్లో కిందికి దిగిపోతుంది. దిగాక ఇక వాలు లేదు. పైగా దానికి అడ్డంగా మొదట రైలుకట్ట, తర్వాత హైవే. తూములు ఉన్నచోటే దారి. అవి దాటాక తీరం పొడవునా ఇసక దిబ్బల వరసలు. వరసకీ వరసకీ మధ్య ఉన్న పల్లమే సంతబొమ్మాళి వైపు తంపర, సోంపేట వైపు బీల. నీళ్లు దిబ్బ ఎక్కలేవు కదా. దిబ్బ పక్కనే పాక్కుంటూ పోయి ఎక్కడో ఉప్పుటేరు దొరికితే దాన్లో పడి సముద్రం చేరాలి. టెకీ బాబు చూసిన చోటికి ఆ దారి భావనపాడు దగ్గరి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే మూతి.

ఇక్కడే అసలు చిక్కు. పోటు వేళ సముద్రం మొగలోంచి లోపలికి తోస్తుంది. అప్పుడు పై నుంచి వచ్చే నీరు ఆగి, ఆటు వేళ మళ్లీ కదులుతుంది. మామూలు రోజుల్లో ఇది ఆరేసి గంటల వ్యవహారం. తుపానులో అలా కాదు. గాలి సముద్రాన్ని ఒడ్డుకి నెట్టి మట్టం పెంచుతుంది, అదే రోజు కొండల మీద కుంభవృష్టి. పై నుంచి నీళ్లు రావడం ఆగదు, కింద తలుపు తెరుచుకోదు. అందుకే వాన వెలిశాక కూడా రోజుల తరబడి నీళ్లు నిలుస్తాయి. అది మీ ప్లాటు మీద పడిన వాన కాదు, మందస కొండల మీదా టెక్కలి గెడ్డల్లోనూ పడిన వాన.

మీరు మీటరు మట్టి పోస్తే మీ ప్లాటు తేలుతుంది. ఆ నీరు మాయమవదు, పక్క పొలంలో అంతే మేర పెరుగుతుంది. లేఅవుట్ మొత్తం ఎత్తు చేస్తే ఆ పక్క ఊరి వీధిలో పెరుగుతుంది. రాజాగారు ఈ లెక్క ఎవరి ఖాతాలో రాస్తారో నాకు తెలీదు.

జీడిపప్పు_పలాస
మాస్టారూ, మీరు సర్వీసులో ఉన్నప్పుడు ఇలా చెప్పి ఉంటే మా వీధిలో కల్వర్టు ఎత్తు అడుగు పెరిగేది కదండీ.

మదుము_మాస్టారు
చెప్పాను బాబూ. ఫైలు పైకి వెళ్లింది. పైకి వెళ్లిన నీళ్లూ ఫైళ్లూ కిందికి రావు.

తెప్ప_భావనపాడు
మొగ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెప్తున్నా. మాది అక్కడే. మొగలో ఇసక మేట వేస్తే బోటు లోపలికి రావడానికి పోటు కోసం సముద్రంలోనే ఎదురుచూడాలి. చేప పాడైపోతుంది. ఒక్కోసారి కెరటం బోటుని మేట మీదకి విసిరేస్తుంది. జెట్టీలు, హార్బర్లు లేకనే కదా మా వాళ్లు గుజరాత్ వెరావల్ దాకా పోయి వేరేవాళ్ల బోట్ల మీద కూలికి చేస్తున్నది. 2018లో మన జిల్లా వాళ్లు అటే పాకిస్తాన్ వాళ్లకి చిక్కి 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. కాబట్టి పోర్టు వద్దు, హార్బరు వద్దు అనేవాళ్లతో నేను కలవను. అలాగని రాజాగారితోనూ కలవను. ఆ తంపర, ఉప్పుటేరు ఉంటేనే మాకు సముద్రంలో చేప. పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు, బొంతలు, పీతలు, అన్నీ పెరిగేది ఆ చవుటి నీళ్లలోనే. పెద్దయ్యాక సముద్రంలోకి పోతాయి.

రియల్_రాజా
ఏదో ఒకటి చెప్పు బాబూ, పోర్టు కావాలా వద్దా?

తెప్ప_భావనపాడు
హార్బరు కావాలి, తంపరలో లేఅవుట్ వద్దు. రెండూ ఒకటే అని ఎవరు చెప్పారు మీకు?

భూగోళం_టీచర్
మొగలో మేట ఎందుకు వేస్తుందో ఒక మాట. తీరానికి కెరటాలు తిన్నగా రావు, ఏటవాలుగా వస్తాయి. నైరుతి గాలి ఉన్నన్నాళ్లూ ఒడ్డు వెంట ఇసకని ఉత్తరానికి, అంటే ఇచ్ఛాపురం, గోపాలపూర్ వైపు తోసుకుపోతాయి. ఈశాన్య గాలి వచ్చాక కొన్నాళ్లు వెనక్కి, దక్షిణానికి తోస్తాయి. రెండిటినీ కలిపి చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఏరు బలంగా ఉన్నప్పుడు ఈ ఇసకని పక్కకి నెట్టి దారి చేసుకుంటుంది. ఎండాకాలంలో ఏటికి బలం తగ్గి ఇసక మూతి మూసేస్తుంది. పొడవాటి ఇసక నాలుక ఒకటి పెరుగుతుంది, పెద్ద వరద వస్తే తెగుతుంది. కళింగపట్నంలో వంశధార మూతి, కల్లేపల్లి దగ్గర నాగావళి మూతి, బారువ దగ్గర మహేంద్రతనయ మూతి, మూడింటిదీ ఇదే కథ. అందుకే మన ముసలివాళ్లని ఏరు ఎక్కడ సముద్రంలో కలుస్తుందని అడిగితే, "ఏ సంవత్సరం?" అని ఎదురు అడుగుతారు.

ఇసక దిబ్బల వరసలు కూడా ఊరికే వచ్చినవి కావు. సుమారు 6,000 ఏళ్ల క్రితం సముద్రం ఇప్పటికన్నా కాస్త లోపలికి ఉండేది. వెనక్కి తగ్గుతూ ఆగినచోటల్లా ఒక ఒడ్డు వదిలింది. ఆ పాత ఒడ్లే ఇప్పుడు ఊళ్లు, కొబ్బరి తోటలు. వాటి మధ్య వదిలిన మడుగులే తంపరలు. మన ఊళ్లు దిబ్బల మీదే ఎందుకు వరసగా ఉన్నాయో, తంపర నడుమ పాత ఊరు ఒక్కటీ ఎందుకు లేదో ఆలోచించండి.

కోనాడ_కుర్రాడు
మేమూ కోస్తానే కదా, మరి మా వైపు ఇంత పెద్ద తంపరలు లేవెందుకు టీచరుగారూ? విజయనగరం తీరం మొత్తం పూసపాటిరేగ, భోగాపురం రెండు మండలాలే, సుమారు 28 కిలోమీటర్లు.

భూగోళం_టీచర్
మీకు ఎర్రమట్టి మెట్ట దాదాపు ఒడ్డు దాకా వచ్చేస్తుంది. చింతపల్లి దగ్గర కొండా రాళ్లూ సముద్రంలోకే దిగాయి. ఆ రాళ్లకి ఓడలు తగలకుండానే 1847లో అక్కడ లైట్‌హౌస్ పెట్టారు. పల్లం చంపావతి మూతి దగ్గర మీ కోనాడలోనే కాస్త కనబడుతుంది.

ఇంకోటి. మన తీరాన్ని గోదావరి డెల్టాతో పోల్చుకోకూడదు. వంశధార పరీవాహకం సుమారు 10,800 చదరపు కిలోమీటర్లు, గోదావరిది 3 లక్షల పైచిలుకు. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు కొత్త నేలని కట్టింది, కోరంగి లాంటి మడ అడవికి చోటిచ్చింది. మన నదులు పొట్టివి, కొండ దిగీ దిగగానే సముద్రంలో పడతాయి. మడ మొక్కలు ఉప్పుటేళ్ల పక్కన అక్కడక్కడా తప్ప అడవిగా లేవు. అంటే తుపాను కెరటానికి మనకి అడ్డు ఇసక దిబ్బ ఒక్కటే. దాన్ని చదును చేసుకుంటే ఇక ఏమీ లేదు.

కోనాడ_కుర్రాడు
మావైపు ఇప్పుడు అదే జరుగుతోంది. విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచి జీడితోటలు, సరుగుడు తోటలు కొట్టి లేఅవుట్లు. మా ఊరి బంద (చిన్న చెరువు) ఒకటి రాత్రికి రాత్రే పూడ్చేశారు. ఇప్పుడు ఆ నీళ్లు బడి ఆవరణలోకి వస్తున్నాయి. మెట్ట కదా, మునగదు అని మావాళ్లూ అనుకున్నారు.

సోంపేట_సూరీడు
బీల గురించి ఎవరూ ఎత్తకపోతే నేను ఎత్తుతాను. మా బీలని కాగితాల్లో పనికిరాని నేలగా రాసి థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు. పనికిరాని నేలలో మాకేం దొరికేదో వినండి. ఎండాకాలంలో ఇంజన్లు పెట్టి తోడుకునే నీళ్లు. గేదెలకి మేత. చాపలకి తుంగ. చేపలు సరేసరి. చుట్టుపక్కల వరి ఆ చెమ్మ మీదే బతికేది. 2010 జులై 14న కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే. అక్కడ ఇంకో థర్మల్ ప్లాంటుని తంపరలో మట్టి పోసి కట్టడం మొదలెట్టారు. ఆ ప్లాంటూ నడవలేదు. టెకీ తమ్ముడూ, నువ్వు చూసిన ప్లాటు దానికి ఎంత దూరమో మీ నాన్నగారిని అడుగు. ఆయన ఎందుకు వద్దన్నారో అప్పుడు చెప్తారు.

రియల్_రాజా
సూరీడుగారి బాధ అర్థమైంది. నేను ఆ రోజుల్లో సోంపేటలోనే ఉన్నాను, నాకు చెప్పక్కర్లేదు. కానీ ప్లాంటు ఆగిన తర్వాత ఈ పదిహేనేళ్లలో బీలకి ప్రభుత్వం ఏం చేసింది? పూడిక తీసిందా? గట్టు వేసిందా? వద్దన్నవాళ్లు ఆ తర్వాత ఏం కావాలో కూడా అడగాలి కదా. ఊళ్లో కుర్రాళ్లు లేరు. అంతా చెన్నై, ముంబై, గల్ఫ్. బీల మిగిలింది, మనుషులు మిగల్లేదు.

సోంపేట_సూరీడు
ఈ మాట మాత్రం నిజం. పూడిక సంగతి ఎవరికీ పట్టలేదు. గుర్రపుడెక్క పెరిగిపోతోంది.

జీడిపప్పు_పలాస
రాజా, సూరీడు ఒక మాట మీదకి వచ్చారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

కవిటి_కొబ్బరి
బోరు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. మాది కవిటి, ఉద్దానం నడిబొడ్డు. ఇసక నేల. చిన్నప్పుడు మా తోటలో నుయ్యి అంత లోతుండేది కాదు, ఏతంతో తోడేవాళ్లం, తియ్యటి నీళ్లు. సముద్రం చప్పుడు వినబడేంత దగ్గర్లో మంచినీళ్లు ఎలా అని మా బంధువులు ఆశ్చర్యపోయేవారు. ఇప్పుడు బోర్లు ఎక్కువయ్యాక కొన్నిచోట్ల నీళ్లు మారాయి.

మా ఉద్దానంలో ఎక్కువగా కనబడే కిడ్నీ జబ్బు గురించి వాట్సాప్‌లో వచ్చేవన్నీ ఇక్కడ తెచ్చి పోయకండి దయచేసి. నీళ్లు అని, పురుగుమందులు అని, ఎండలో పని అని, ఎన్నో కోణాల్లో పరిశోధన జరిగింది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందుకే 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో తాగునీళ్లు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆస్పత్రి మొదలుపెట్టారు.

భూగోళం_టీచర్
కొబ్బరిగారి నుయ్యి ఎందుకు తియ్యగా ఉండేదో చెప్తాను, టెకీకి పనికొస్తుంది. ఇసకలోకి ఇంకిన వాన నీరు ఉప్పునీటి కన్నా తేలిక. అందుకని అది కింద ఉన్న ఉప్పునీటి మీద నూనెలా తేలుతూ ఉంటుంది. లెక్క ఏమిటంటే, నూతిలో నీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక మీటరు ఎత్తుంటే, దాని కింద దాదాపు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుంది. వినడానికి బాగుంది. తిరగేసి చదవండి. మోటార్లు పెట్టి ఆ మట్టాన్ని అర మీటరు దించితే కింద నుంచి ఉప్పునీరు 20 మీటర్లు పైకి వస్తుంది. ఏతం వేసిన రోజుల్లో అంత తోడడం చేతకాదు, అందుకే నుయ్యి బతికింది. లోతుగా బోరు దింపేకొద్దీ మంచినీళ్లు పడతాయన్నది మెట్టలో నిజం, తీరంలో సరిగ్గా తలకిందులు.

ఇదంతా ఇసక దిబ్బ మీద సంగతి. టెకీ చూసింది తంపర. అక్కడ పైన బంకమట్టి, వాన నీరు కిందికి దిగదు. కింద ఉన్నది చవుటి నీరు. పోసిన గ్రావెల్ మందం ఎంతో అంత మేరే మంచినీరు ఇంకుతుంది, అది ఎండాకాలానికి మిగలదు.

ఉప్పుమడి
టీచరుగారు చెప్పిన ఆ బంకమట్టి వల్లే నౌపడలో ఉప్పు పండుతోంది. నీళ్లు కిందికి ఇంకిపోతే ఉప్పు ఎలా కడుతుంది? పోటు నీళ్లు తిన్నగా మళ్లలోకి రావాలి, నేల చదునుగా ఉండాలి, అడుగు కారకూడదు, ఎండ కాయాలి. ఈ నాలుగూ ఒకచోట కుదిరే నేల మన తీరంలో చాలా తక్కువ. ఇక్కడినుంచి 1900లోనే పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు, అదే ఇప్పుడు గుణుపురం లైను. జనవరి నుంచి వానలు పడేదాకా మాకు పని. మే నెలలో ఒక్క అకాల వాన పడితే కుప్ప కరిగిపోతుంది. అప్పుడు మా ఇంట్లో టెన్షన్ చూడాలి.

ఉప్పు మళ్ల పక్కన రొయ్యల చెరువులు వచ్చాక ఇంకో గొడవ. వాళ్లు మందులు కలిపిన నీళ్లు కాలవలోకి వదులుతారు, అదే కాలవలోంచి మేం పోటు నీళ్లు తీసుకోవాలి.

రొయ్యల_రేడు
అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. లైసెన్సు ఉన్నవాళ్లు నీళ్లు నిలబెట్టే చెరువు పెట్టి, తేటపడ్డాకే వదులుతారు. 2005 కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ప్రకారం ఆ అథారిటీలో రిజిస్ట్రేషన్ లేకుండా చవుటి నీటి చెరువు వేయకూడదు. దొంగచాటుగా వేసినవాళ్ల వల్ల మాకూ వైరస్సులు వస్తున్నాయి. ఒకే కాలవలో ఒకరు వదిలింది ఇంకొకరు తోడుకుంటుంటే జబ్బు రాక ఏమవుతుంది? మీకు ఉప్పు కరిగితే కుప్పే పోతుంది, మాకు తెల్లమచ్చ వస్తే పెట్టుబడి మొత్తం పోతుంది.

ఉప్పుమడి
"కుప్పే"నా! సరే, ఒకసారి వచ్చి ఆ కుప్ప ఎత్తి చూడండి.

కొంగల_కెమెరా
తేలినీలాపురం మాట ఇంతవరకూ రాకపోవడం చిత్రంగా ఉంది. నౌపడకి దగ్గర్లోనే కదా. ఏటా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఏమీ అనరు. అవి రాకపోతే పంటకి చెడు అంటారు. గూడబాతు ఒక్కటే రోజుకి కిలో దాకా చేప తింటుంది, పిల్లలకి కూడా తేవాలి. ఆ చేపంతా ఎక్కడిది? ఈ తంపరలది, ఉప్పుటేళ్లది, చుట్టుపక్కల చెరువులది. పక్షుల కేంద్రం కంచె వేసి కాపాడితే చాలదు. పక్షి పడుకునేది అక్కడే గానీ తినేది ఇక్కడ.

జీడిపప్పు_పలాస
సైబీరియా నుంచి అంత దూరం వచ్చి మన చేప తినడం ఏమిటో, అక్కడ చేపలు లేవా?

కొంగల_కెమెరా
ఇదొక్కటి సరిదిద్దాలి. బోర్డుల మీద, పేపర్లలో సైబీరియా అని రాస్తూనే ఉంటారు. మనకొచ్చే బూడిదరంగు గూడబాతు సైబీరియా మొహం ఎరగదు. అది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనే పుట్టి పెరిగే పక్షి. పెయింటెడ్ స్టార్క్ కూడా అంతే. నీళ్లు, చేపలు ఉన్నచోటు వెతుక్కుంటూ మన దేశంలోనే తిరుగుతుంటాయి. శీతాకాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. రకరకాల బాతులు, ఉల్లంకి పిట్టలు. అవి ఇక్కడ గూడు కట్టవు, తిని వెళ్లిపోతాయి. గూడు కట్టిందంటే అది మన పక్షే.

భూగోళం_టీచర్
మా బడి గోడ మీద కూడా సైబీరియా అనే ఉంది. పెయింటరుకి ఫోన్ చేస్తాను.

రియల్_రాజా
ఇప్పుడు పక్షులకి ఆధార్ కార్డు కూడా చూస్తున్నారా. ప్లాటు సంగతి ఏమైంది?

తెప్ప_భావనపాడు
పక్షుల మాటొచ్చింది కాబట్టి తాబేళ్లు కూడా. సంక్రాంతి దాటాక ఒడ్డు మీదకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫారెస్టు వాళ్లు గుడ్లు తీసి కంచె లోపల పొదిగించి పిల్లల్ని వదులుతున్నారు. మావాళ్లు కొందరు ఆ పని మీదే జీతానికి ఉన్నారు. కాకపోతే ఒడ్డు చివరిదాకా సరుగుడు నాటేశారు. తాబేలుకి ఖాళీ ఇసక కావాలి, వేళ్లలో గుంట తవ్వలేదు.

కవిటి_కొబ్బరి
సరుగుడు లేకపోతే తిత్లీ తుపానులో మా ఇళ్లు కూడా మిగిలేవి కావు బాబూ. తాబేలుకి ఖాళీ వదులుదాం, కానీ సరుగుడుని తిట్టొద్దు.

జీడిపప్పు_పలాస
శ్రీకూర్మంలో దండం పెట్టుకుని, ఒడ్డున కూర్మానికి దారి ఇవ్వని జిల్లా మనది.

మదుము_మాస్టారు
కొబ్బరిగారూ, ఆ రోజు మీ ఊళ్లో ఎలా ఉండిందో రాయండి. కుర్రాళ్లకి తెలియాలి.

కవిటి_కొబ్బరి
రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ, సరే. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. చీకట్లో గాలి చప్పుడే తప్ప ఏమీ తెలియలేదు. తెల్లారి తలుపు తీస్తే ఎదురుగా ఆకాశం. ఎప్పుడూ తోట కనబడే చోట ఆకాశం కనబడింది. కొబ్బరి చెట్లు వేళ్లతో లేచి ఒకే వైపుకి పడి ఉన్నాయి. జీడి, పనస సగానికి విరిగాయి. ఇసక నేలలో వేరు పట్టు తక్కువ. అది మా నేల గుణం, తియ్యటి నీళ్లు ఇచ్చినదీ అదే. కొత్త మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. మా నాన్న మొక్కలు నాటి, కాపు చూడకుండానే పోయారు. ఆ మరునాడు వంశధారకి ఒడిశా వాన తాలూకు వరద వచ్చింది, అటు ఊళ్లు మునిగాయి. ఒకే తుపాను మా దిబ్బల మీద గాలితో కొట్టింది, పల్లంలో నీళ్లతో కొట్టింది.

సోంపేట_సూరీడు
మా బీలలో ఆ తర్వాత చాలా రోజులు నీళ్లు కదల్లేదు. అయినా నీళ్లన్నీ అక్కడే ఆగాయి, ఊళ్లోకి రాలేదు. ఆ ప్లాంటు కట్టి ఉంటే ఎక్కడికి వచ్చేవో ఊహించుకోండి.

జీడిపప్పు_పలాస
వాతావరణం బరువెక్కింది గానీ, 2022 మే తుపానుకి సున్నాపల్లి ఒడ్డుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది గుర్తుందా? టీవీల వాళ్లు బంగారమే అన్నారు. మా బావమరిది గీకి చూద్దామని బండి తీశాడు.

తెప్ప_భావనపాడు
బంగారం కాదు, రంగే. బర్మా, థాయిలాండు వైపుది అన్నారు. అంత దూరంలో నీళ్లలో పడిన వస్తువు మన ఒడ్డుకే చేరిందంటే సముద్రం ఎటు లాగుతుందో చూడండి.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
పోర్టు వల్ల ఒడ్డు కోసుకుపోతుందని మావైపు అంటున్నారు. నిజమేనా టీచరుగారూ? మేం మూలపేటకి ఉత్తరాన ఉన్నాం.

భూగోళం_టీచర్
పోర్టు అంటే సముద్రంలోకి రాతి గోడలు. ఉత్తరానికి పోయే ఇసక గోడకి దక్షిణం వైపు ఆగి అక్కడ ఒడ్డు పెరుగుతుంది. ఇసక అందక ఉత్తరం వైపు ఒడ్డు తరుగుతుంది. చెన్నైలో పోర్టుకి ఉత్తరాన రాయపురం ఇలాగే కోసుకుపోయింది. విశాఖలో ఆర్కే బీచ్‌కి ఇసక తగ్గితే పోర్టు దగ్గర ఆగిన ఇసకని తవ్వి తెచ్చి పోస్తారు. మూలపేటలోనూ అలా దాటించి పోసే ఏర్పాటు ఏటా చేయాలి, గోడకి ఆనుకుని ఉత్తరాన ఉన్న ఊళ్ల వాళ్లు పట్టుబట్టి అడగాలి. మీరు ఇంకా పైన కాబట్టి మొదటి దెబ్బ మీది కాదు. దానికి తోడు నదుల్లోంచి ఒడ్డుకి చేరాల్సిన ఇసకని లారీల్లో ఎత్తుకుపోతున్నాం. గొట్టా బ్యారేజీ దగ్గర కొంత ఆగుతుంది, మిగిలింది మనం ఆపుతున్నాం. కళింగపట్నం బీచ్‌లో కోత చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

రియల్_రాజా
పోర్టు వద్దని ఎవరూ అనలేదు చూడండి, గోడకి ఉత్తరాన ఇసక పోయాలి అన్నారు. ఇలా మాట్లాడితే నాకేం అభ్యంతరం లేదు.

టెక్కలి_టెకీ
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. ఇప్పుడు పనిలోకి దిగాలంటే ఏ కాగితాలు చూడాలి? ఆ నేల ఒకప్పుడు ఏమిటో ఎలా తెలుస్తుంది?

మదుము_మాస్టారు
అమ్మేవాడు చూపించే అడంగల్ ఒక్కటే చాలదు. పాత ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ భూముల రిజిస్టరు) నకలు తీయించండి. సర్వే నంబరు ఎదురుగా చెరువు, గెడ్డ, పోరంబోకు అని ఉంటే అక్కడే ఆపేయండి. 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. గ్రామ నక్షాలో గెడ్డ గీత ప్లాటులోంచి పోతుందేమో చూడండి. నక్షాలో గెడ్డని చెరిపేయొచ్చు గానీ వానాకాలంలో అది తన దారినే వస్తుంది.

తీరప్రాంత నియంత్రణ నిబంధనలు సముద్రపు ఒడ్డుకే అనుకుంటారు చాలామంది. ఉప్పుటేరుకి కూడా వర్తిస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం పోటు తగిలే ఏటికి 50 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అంత మేర. పోటు ఎక్కడిదాకా తగిలినట్టు అంటే, నడి ఎండాకాలంలో లీటరు నీటిలో 5 గ్రాముల ఉప్పు ఉన్నంత దూరం. ఆ గీతలు గీసిన మ్యాపులు ఉంటాయి, అడిగి చూడండి.

కాగితాలన్నీ బాగున్నా, 2018 అక్టోబరులో, 2021 సెప్టెంబరు గులాబ్ తుపానులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడి పశువుల కాపరిని అడగండి. అమ్మేవాడిని కాదు.

రియల్_రాజా
మాస్టారి జాబితా నేనూ దాచుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చే కస్టమర్లకి ఇస్తే సగం మంది పారిపోతారు, అది వేరే సంగతి. టెకీ తమ్ముడూ, టెక్కలికి కొండ వైపు మెట్టలో ఒకటి ఉంది, రేటు ఎక్కువ, నీళ్లు నిలవవు. కావాలంటే మెసేజ్ పెట్టు.

జీడిపప్పు_పలాస
చూశారా, చివరికి ఎక్కడికి తెచ్చాడో.

కోనాడ_కుర్రాడు
కెమెరా అన్నా, డిసెంబరు సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వద్దామనుకుంటున్నా. తేలినీలాపురమా, తేలుకుంచా? ఏది చూడాలి?

కొంగల_కెమెరా
డిసెంబరు అయితే తేలినీలాపురం. అప్పటికి గూళ్లలో పిల్లలు ఉంటాయి. పొద్దున్నే వెళ్లండి, చెట్ల కింద నిలబడేటప్పుడు నెత్తిన టోపీ ఉండాలి, ఎందుకో వెళ్లాక తెలుస్తుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చేవి ముక్కు మధ్యలో సందు ఉండే కొంగలు, ఓపెన్‌బిల్. వానలతో పాటు జూన్‌లో దిగుతాయి, పొలాల్లో నత్తల్ని తిని ఊళ్లోనే గూళ్లు కట్టి, శీతాకాలం ముదిరేసరికి చాలావరకు వెళ్లిపోతాయి. డిసెంబరులో అక్కడికి వెళ్తే ఖాళీ గూళ్లు చూసి రావాలి.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
తేలుకుంచికి ఆగస్టులో రండి. వాన పడుతుంది, బురద ఉంటుంది, కొంగలు మాత్రం ప్రతి చెట్టు మీదా ఉంటాయి. చెప్పులు మాత్రం పాతవి వేసుకోండి.